పదకొండు కుర్చీలు

ఏడో అంతస్తు మలుపులో బకెట్ దించి, గుడ్డ పిండి, మెట్లత్త మోకాళ్ళ మీద వంగింది. పైనుంచి కిందికి తుడుచుకుంటూ రావడం ఆమె పద్ధతి. కిందినుంచి మొదలుపెడితే దిగేవాళ్ళ కాళ్ళమట్టి మళ్ళీ తుడిచినచోటే పడుతుంది. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. పనిలో చేరిన మొదటి వారం నానా చీవాట్లూ తిని తనంతట తనే తెలుసుకుంది. అంతస్తుకు పద్దెనిమిది మెట్లు, ఎనిమిది అంతస్తులకు నూట నలభై నాలుగు. ఇరవై రెండేళ్ళుగా తుడుస్తోంది. ఏ మెట్టు అంచు విరిగిందో, ఏ మెట్టు మీద నీళ్ళు నిలుస్తాయో, ఏ తలుపు వెనక పొద్దున్నే దగ్గు మొదలవుతుందో ఆమెకు కంఠతా వచ్చు.

ఆమె అసలు పేరు కాంట్రాక్టరు హాజరు పుస్తకంలో మాత్రమే ఉంది. ఎప్పుడో ఒక పిల్ల "మెట్లత్తా" అని పిలిచింది. ఆ పిల్లకిప్పుడు పెళ్ళయి పిల్లలున్నారు కానీ పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది. యాభై ఆరేళ్ళ మనిషి. పొట్టి. మణికట్లు మగవాళ్ళ మణికట్లలా వెడల్పుగా ఉంటాయి. ఫినాయిలు నీళ్ళలో నాని నాని వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి పొరలు పొరలుగా ఊడుతుంటాయి. మోకాలిచిప్పలు మడమల్లా నల్లబడి మొరటుదేలాయి. మెట్లు దిగేటప్పుడు ఎడమకాలు ముందు పెట్టి, గోడ పట్టుకుని, పక్కవాటుగా దిగుతుంది.

ఆ గోడలకు నడుమెత్తు వరకు ఉన్న లేతాకుపచ్చ రంగు ఆమె మొగుడు వేసిందే. అతను గోడలకు రంగులు వేసేవాడు. ఈ భవనానికి రంగు వేస్తున్నప్పుడే మేస్త్రీని బతిమాలి ఆమెకు ఈ పని ఇప్పించాడు. రంగు వాసనకు ఊపిరితిత్తులు పాడై, తొమ్మిదేళ్ళ కింద, భవనం వెనక రేకుల గదిలో పడుకుని దగ్గుతూ దగ్గుతూనే పోయాడు. పోయేముందు రోజు కూడా "అయిదో అంతస్తులో రెండో పూత సరిగ్గా పడలేదే" అన్నాడు. అప్పటినుంచి ఆ అంతస్తు గోడ దగ్గర ఆమె గుడ్డ కాస్త మెల్లగా కదులుతుంది.

ఈరోజు మాత్రం ఎక్కడా మెల్లగా కదలడం లేదు. ఒక్కో అంతస్తు తుడవడం అవ్వగానే లేచి, చీపురుకర్ర కొసతో ఒక్కో తలుపు మీద రెండుసార్లు కొడుతోంది.

"పదింటికి. గుర్తుందిగా?"

"గుర్తుందత్తా. సెలవు పెట్టాను."

"దుప్పటి పాతది కాకుండా గట్టిది తియ్యి. మధ్యలో చిరిగిందంటే మీ మావయ్య నా మీద పడతాడు."

తలుపు వెనక నవ్వు వినిపించింది. ఆమె నవ్వలేదు. పళ్ళు బిగించి పక్క తలుపు దగ్గరికి నడిచింది.

లిఫ్టు ఆగిపోయి పద్నాలుగు నెలలయింది. కింద దాని తలుపు మీద ఒక కాగితం అంటించారు: "లిఫ్టు మరమ్మతులో ఉన్నది. దయచేసి సహకరించగలరు." కాగితం పసుపుపచ్చగా మారి, ఒక మూల ఊడి, గాలికి టపటపలాడుతోంది. సహకరించడంలో ఆ భవనంవాళ్ళు ఎవరూ వెనకపడలేదు. ఎనిమిదో అంతస్తులో షుగరు జబ్బుకు కాలు తీసేసిన గుమస్తా సహకరించాడు. ఆసుపత్రినుంచి ఒకసారి పైకెక్కించారు, మళ్ళీ కిందికి దిగలేదు. ఆరో అంతస్తులో చిన్నప్పుడే కాళ్ళు చచ్చుబడిన మిషనక్క సహకరించింది. తాడు కట్టిన బుట్టలో బట్టలు పైకి లాక్కుని, కుట్టి, మళ్ళీ బుట్టలోనే కిందికి దించేది. ఏడో అంతస్తులో రిటైరైన బస్సు డ్రైవరు సహకరించాడు. తొమ్మిదో నంబరు బస్సును ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరంతా తిప్పిన మనిషి, గుండె నీరసించి, పద్నాలుగు నెలలుగా వంటింటి కిటికీ దగ్గర కూర్చుని గేటు ముందు ఆగే బస్సుల పైకప్పులు చూస్తున్నాడు.

మెట్లత్త కూడా సహకరించింది. ఆమె జీవితమంతా చేసింది అదే. వాళ్ళమ్మ ఇటుకలు మోసి చచ్చింది, నోరెత్తలేదు. మొగుడు రంగులు వేసి చచ్చాడు, వాడూ నోరెత్తలేదు. ఈమె ఇరవై రెండేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి అడిగింది. మోకాళ్ళు నేలకానించకుండా నిలబడి తుడుచుకునే కర్ర ఒకటి కావాలంది. వచ్చే సంవత్సరం చూద్దామన్నారు. అది ఆరేళ్ళ కిందటి మాట.

అలాంటి మనిషికి కోపం వచ్చింది. సరిగ్గా ఇరవై నాలుగు రోజుల కింద.

ఆరో అంతస్తులో బేకరీ పనివాడి భార్య కడుపుతో ఉంది. నెలలు పూర్తిగా నిండకముందే, ఒకరోజు పదకొండు గంటలప్పుడు నొప్పులొచ్చాయి. మొగుడు పనిలో ఉన్నాడు. ఇద్దరాడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుని దింపుకొచ్చారు. రెండో అంతస్తు మలుపు దగ్గర ఆ పిల్ల "ఇంక నావల్ల కాదు" అని కూర్చుండిపోయింది. మెట్లత్త బకెట్ వదిలేసి పరిగెత్తుకొచ్చి, తన పైటకొంగు పరిచి, ఆ పిల్ల తలను ఒళ్ళో పెట్టుకుంది. బిడ్డ అక్కడే పుట్టాడు. ఏడవలేదు. అంబులెన్సు వాళ్ళు మెట్లెక్కి వచ్చేసరికి చేయడానికేం మిగల్లేదు.

ఆ సాయంత్రం మెట్లత్త ఆ మలుపును నాలుగుసార్లు కడిగింది. సిమెంటు తొందరగా వదలదు. మర్నాడు నిర్వహణ ఆఫీసు సూపర్‌వైజరు తనిఖీకి వచ్చి, బూటు కొసతో చూపించి, "ఈ మరకేంటి? సరిగ్గా తుడవట్లేదా?" అన్నాడు.

ఆమె చేతిలో గుడ్డ పిండుతూనే ఉంది. అతను దిగి వెళ్ళిపోయాక చూసుకుంటే చేతిలో గుడ్డ రెండు ముక్కలై ఉంది. పిండి పిండి చింపేసిందని అప్పుడు తెలిసింది.

ఆ మర్నాటినుంచి ఆమె తుడుస్తూ తుడుస్తూ ప్రతి తలుపు దగ్గరా ఒకే ప్రశ్న అడగడం మొదలుపెట్టింది. "మీ ఇంట్లో కిందికి దిగలేనివాళ్ళు ఎంతమంది?" కొందరు చిరాకు పడ్డారు. కొందరు తలుపేసేశారు. ఆమెకు రోజూ అదే తలుపు ముందు పని. ఇవాళ వేసినవాళ్ళు రేపు తీయక తప్పదు. రాయడం రాదు కాబట్టి వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. వారం తిరిగేసరికి పదిమంది తేలారు. చేతివేళ్ళు అయిపోయాయి. పదకొండో మనిషి నాలుగో అంతస్తు మామ్మ. అసలు అలాంటి మామ్మ ఒకావిడ ఉందన్న సంగతి పక్కింటివాళ్ళకే గుర్తులేదు.

మూడో అంతస్తులో ఉండే, భవనంవాళ్ళ సంఘం సెక్రటరీకి ఇది నచ్చలేదు. లెక్కల గుమస్తాగా రిటైరయ్యాడు. చొక్కా జేబులో మూడు రంగుల పెన్నులుంటాయి. లిఫ్టు గురించి ఇప్పటికి పదహారు అర్జీలు పెట్టాడు. ప్రతిదానికీ అందినట్టు రసీదు తీసుకుని ఫైలు కట్టాడు.

"పదిహేడోది తయారవుతోందమ్మా. భాష కొంచెం ఘాటుగా పెట్టాను. ఓపిక పట్టండి."

"కాగితానికి మోకాళ్ళు లేవు కదండీ, దానికేం? ఎన్నాళ్ళైనా పట్టుద్ది ఓపిక," అంది మెట్లత్త, కింద తుడుస్తూనే, తలెత్తకుండా. "ఈసారి కాగితం వద్దు. మనుషుల్ని పంపిద్దాం."

"ఏ మనుషుల్ని?"

"దిగలేనివాళ్ళని."

పది గంటలకు మెట్లంతా మనుషులతో నిండిపోయింది. ఇరవై ఇద్దరు ఆ రోజు పనికి సెలవు పెట్టారు. బేకరీ పనివాడు తోటి పనివాళ్ళను ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు. కుర్చీలు ఇళ్ళల్లోంచి వచ్చాయి. ప్లాస్టిక్ కుర్చీలు, చెక్క కుర్చీలు, కాలు తీసేసిన గుమస్తా ఇంటినుంచి చక్రాలు ఊడిపోయిన ఆఫీసు కుర్చీ. డ్రైవరింట్లోంచి వచ్చింది పాత ఇనప కుర్చీ, ప్లాస్టిక్ తీగతో అల్లినది. మనిషిని కూర్చోబెట్టి, నడుం చుట్టూ దుప్పటి మెలితిప్పి కట్టి, కుర్చీని వెనక్కి వాల్చి, కిందివైపు ఇద్దరు కాళ్ళు, పైవైపు ఇద్దరు వీపు పట్టుకుని దించాలి. అంతకుముందు రెండు రోజులు మెట్లత్తనే కూర్చోబెట్టి దించి చూసుకున్నారు. జీవితంలో ఆమెను ఎవరైనా మోయడం అదే మొదలు. "చాల్లే, కళ్ళు తిరుగుతున్నాయి, దించండి," అని కసిరింది కానీ, ఆ రాత్రంతా అదే తలుచుకుంది.

డ్రైవరు ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. కోడలు దుప్పటి ముడి వేస్తుంటే నలుగురినీ మార్చి మార్చి చూశాడు.

"నలుగురు మోస్తున్నారంటే అనుమానంగా ఉంది. నేనింకా ఉన్నానా, పోయానా?"

"ఉన్నావన్నయ్యా," అంది మెట్లత్త. "పోయినవాళ్ళు ఇంత బరువుండరు."

"అయితే మలుపు దగ్గర నెమ్మది. నేను చెప్పినప్పుడే తిప్పండి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా బండి గోడకి రాయలేదు నేను."

నూట ఇరవై ఆరు మెట్లు అతను దారి చెబుతూనే దిగాడు. "ఎడమ... ఇంకొంచెం ఎడమ... ఆగు, వెనకవాళ్ళు సర్దుకోండి... పోనీ." రెండో అంతస్తు మలుపు దగ్గర మాత్రం నోరు మూసుకున్నాడు. మోసేవాళ్ళు కూడా అక్కడ కాలు పెట్టకుండా గోడవారగా జరిగి దాటారు.

నాలుగో అంతస్తు మామ్మ రానని మొండికేసింది. ఇంతమంది మగవాళ్ళ ముందు కుర్చీలో కట్టించుకుని ఊరేగడమేంటి, పరువు పోదా అంది. మెట్లత్త లోపలికి వెళ్ళి ఏం చెప్పిందో తెలియదు. పది నిమిషాల తర్వాత మామ్మ మొహం మీద ముసుగేసుకుని కుర్చీలో ప్రత్యక్షమైంది. దిగుతున్నంతసేపూ ఆ ముసుగులోంచే మోసేవాళ్ళను తిట్టింది.

నిర్వహణ ఆఫీసు ఆవరణకి ఆ చివర, ఒకే అంతస్తు భవనంలో ఉంది. దానికి ఎక్కాల్సిన మెట్లు రెండే. పదకొండుకల్లా పదకొండు కుర్చీలూ ఆ వరండాలోకీ, ముందున్న సిమెంటు నేల మీదకీ చేరాయి. వాటి వెనక మోసినవాళ్ళు, ఆ వెనక పిల్లలు, వంటగదుల్లోంచి వచ్చిన ఆడవాళ్ళు. ఎవరూ నినాదాలివ్వలేదు. మోసి మోసి ఎవరికీ ఊపిరందడం లేదు.

సూపర్‌వైజరు బయటికొచ్చాడు. పొద్దున్నే నూనె రాసి దువ్విన తల, మెడలో గుర్తింపు కార్డు.

"ఏంటిది? ఊరేగింపా?"

అందరూ మెట్లత్త వైపు చూశారు. ఆమె తడిచేతులు పైటకు తుడుచుకుంది.

"దిగలేనివాళ్ళని దించాం సార్. ఎక్కించడం మీ వంతు."

"నీకెవరు చెప్పారు ఇదంతా? నువ్వు తుడవడానికి పెట్టుకున్న మనిషివి. రేపట్నుంచి నువ్వు రానవసరం లేదు."

"రాను సార్. ఇవాళ మాత్రం ఉన్నాను."

అతను గిరుక్కున తిరిగి లోపలికెళ్ళి తలుపు వేయబోయాడు. అది పడలేదు. మిషనక్క కుర్చీ సరిగ్గా గుమ్మంలో ఉంది. తనను అక్కడే పెట్టమని దిగేటప్పుడే చెప్పింది. ఒళ్ళో టేపు, సూదీదారం, ఎవరిదో చొక్కా పెట్టుకుని తీరిగ్గా గుండీ కుడుతోంది.

"జరుగమ్మా."

"జరగలేనండీ," అంది మిషనక్క, దారం పళ్ళతో తెంపుతూ. "జరగగలిగితే ఇక్కడికెందుకొస్తాను?"

అతను ఫోను తీసి పై ఇంజనీరుకు చేశాడు. అతని గొంతు మొదట పెద్దగా ఉండి, మెల్లగా చిన్నదయింది. ఫోను పెట్టేసి, సామగ్రి రావాలన్నాడు. పై ఆఫీసునుంచి అనుమతి రావాలన్నాడు. మీ సంఘంవాళ్ళు సరైన పద్ధతిలో రాసి ఇచ్చుంటే ఎప్పుడో అయిపోయేదన్నాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. గుంపు వెనకనుంచి సెక్రటరీ ముందుకొచ్చాడు. అప్పటిదాకా తనకు సంబంధం లేనట్టు గేటు దగ్గర నిలబడ్డవాడు, చంకలో ఫైలుతో వరండా ఎక్కి, కళ్ళజోడు సర్దుకుని, ఫైలు విప్పాడు. మొదటి అర్జీ తేదీ చదివాడు. దాన్ని అందుకున్నవాడి సంతకం చదివాడు. రెండోది చదివాడు. మూడోది చదివాడు. హాజరు పిలుస్తున్నట్టు ఒకే గొంతుతో, తొందర లేకుండా. ఏడోదానికి వచ్చేసరికి జనం కూడా అతనితో కలిసి అంకె పలకడం మొదలుపెట్టారు. పదహారోదాని మీద ఉన్న సంతకం ఈ సూపర్‌వైజరుదే. సెక్రటరీ ఆ కాగితాన్ని అతని మొహం ముందు పెట్టి, "సరైన పద్ధతి కాదా ఇది? ఏ అక్షరం తప్పుందో చూపించండి," అన్నాడు. మర్యాద తప్పని మనిషికి కోపం వస్తే ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

సూపర్‌వైజరు చూపు తప్పించుకోవడానికి చోటు వెతుక్కుంది. కుర్చీల మధ్య నేల మీద కూర్చున్న ఒక మనిషి మీద ఆగింది.

"ఈమెకేమైంది? ఈమె నడవగలదుగా. ఈమెనెందుకు తెచ్చారు? లెక్క పెంచడానికా?"

ఆమె బేకరీ పనివాడి భార్య. పొద్దుటినుంచి ఒక్క మాటా మాట్లాడలేదు. రమ్మని ఎవరూ పిలవలేదు కూడా. ఆరు అంతస్తులు తనే దిగి వచ్చి కూర్చుంది.

ఆమె మొగుడు ఒక అడుగు ముందుకేశాడు. మెట్లత్త అతని రొమ్ము మీద చెయ్యి పెట్టి ఆపింది. ఆపి, తనే సూపర్‌వైజరుకు దగ్గరగా వెళ్ళి నిలబడింది. ఆమె తల అతని భుజం దాకా కూడా రాదు.

"రెండో అంతస్తులో మరక గురించి అడిగారు, గుర్తుందా?"

అతను మెడలో కార్డు సర్దుకున్నాడు.

"బూటుతో చూపించి అడిగారు. అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. ఆ మరక ఈ పిల్లది. నాలుగుసార్లు కడిగాను. పోలేదు. అయిదోసారి మీరొచ్చి కడగండి, బకెట్ ఇస్తాను."

ఆమె గొంతు పెంచలేదు. అయినా ఆవరణ ఆ చివర ఉన్నవాళ్ళకు కూడా వినిపించింది. సూపర్‌వైజరు లోపలికెళ్ళి మళ్ళీ ఫోను తీశాడు. ఈసారి అనుమతి మాట ఎత్తలేదు.

ఇంజనీరు రెండింటికి వచ్చాడు, వెంట ఒక మెకానిక్కుతో. ఈ లోపల ఎండ వరండాలోకి వచ్చింది. ఆడవాళ్ళు వంటింట్లో ఉన్నదేదో తెచ్చి అందరికీ పంచారు. కుర్చీలను నీడ ఉన్న చోటుకు జరిపారు. డ్రైవరు మాత్రం తనను గేటు పక్కకు మోసుకెళ్ళమన్నాడు. అక్కడ చెట్టునీడ ఉంది, రోడ్డు కనిపిస్తుంది. మెట్లత్త పక్కన నేల మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంది.

"పన్నెండున్నర బండి ఇంకా రాలేదు," అన్నాడతను. "నా రోజుల్లో అయితే ఈపాటికి అవతలి చివర టీ తాగుతుండేవాణ్ణి."

"నీ రోజుల్లో నేనూ ఎక్కానన్నయ్యా నీ బండి. నా కూతురికి జ్వరమొస్తే చంకనేసుకుని పరిగెత్తుకొచ్చాను. బండి కదిలిపోయింది. నన్ను అద్దంలో చూసి ఆపావు."

"అద్దంలో ఎంతోమంది కనపడతారమ్మా. గుర్తులేదు."

"నాకుంది."

పన్నెండున్నర బండి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కండక్టరు దిగి, గేటు పక్కన ఖాకీ చొక్కాను చూసి ఆగిపోయాడు. తల నెరిసిన మనిషి. ఒకప్పుడు ఇతని బండిలోనే పని నేర్చుకున్నాడు. "గురువుగారూ, మీరేనా? ఎంతకాలమైంది. ఎక్కండి, ఒక ట్రిప్పు తిప్పి తెచ్చి ఇక్కడే దింపుతాను."

"ఇవాళ కుదరదురా. ఇక్కడ పనుంది. మమ్మల్ని పైకెక్కించాలి వీళ్ళు. రేపు చూద్దాం."

"అయితే ఇదుంచండి," అని కండక్టరు టికెట్ పుస్తకంలోంచి ఒకటి చింపి, చిల్లు కొట్టకుండా ఆయన చేతిలో పెట్టాడు. డ్రైవరు బండి ముందు చక్రాలవైపు చూసి, "ఎడమదానికి గాలి తక్కువుంది, డిపోలో చెప్పు," అన్నాడు. బండి కదిలి మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాడు.

మెకానిక్కు లిఫ్టు తలుపు తీసి, పక్కనున్న పెట్టె విప్పి, తల లోపలికి పెట్టాడు. జనమంతా చుట్టూ మూగారు. నలభై నిమిషాలు. చివరికి బొటనవేలంత స్విచ్చు ఒకటి ఊడదీసి అరచేతిలో పెట్టి చూపించాడు. మాడిపోయి నల్లగా ఉంది.

"ఇంతేనా?" అని ఎవరో అడిగారు.

"ఇంతేనండీ. ఇవి ఎప్పుడూ మా సంచీలోనే ఉంటాయి. మమ్మల్ని ఎవరూ పిలవలేదు."

కొత్త స్విచ్చు బిగించాడు. లోపల దీపం వెలిగింది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, పక్కవాళ్ళెవరూ కలపకపోయేసరికి ఆపేశారు. గెలిచినందుకు సంతోషం వస్తుందేమో అనుకుంది మెట్లత్త. రాలేదు. పద్నాలుగు నెలలు, ఒక పసివాడు, బొటనవేలంత స్విచ్చు. ఇన్నాళ్ళూ కోపం ఎవరి మీదో తెలిసేది. ఇప్పుడది సూపర్‌వైజరును దాటి, ఇంజనీరును దాటి, తన మీదికి కూడా వచ్చింది. ఇరవై నాలుగు రోజుల కింద మొదలుపెట్టింది ఇరవై నాలుగు వారాల కిందే మొదలుపెట్టి ఉంటే? బేకరీ పనివాడి భార్య నేల మీదినుంచి లేచి వచ్చి, మెకానిక్కు చేతిలోంచి ఆ మాడిన స్విచ్చును తీసుకుని చూసింది. అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇవ్వకుండా గుప్పిట్లో బిగించుకుని వెళ్ళిపోయింది. మెట్ల మీదుగానే వెళ్ళింది. ఎవరూ ఆపలేదు.

లిఫ్టు తలుపు పూర్తిగా తెరుచుకుంది. లోపల ఎదురుగోడ మీద, దుమ్ము పట్టిన రేకుబోర్డు ఒకటి కనిపించింది: "పనివారు మెట్లు వాడవలెను." లిఫ్టు నడిచిన ఇన్నేళ్ళూ మెట్లత్త అందులో కాలు పెట్టలేదు. ఆమెకు చదువు రాకపోయినా ఆ బోర్డులో ఏముందో తెలుసు.

సెక్రటరీ మొహం ఎర్రబడింది. "అది నేను రాయించిందే," అన్నాడు, ఎవరూ అడగకుండానే. లోపలికెళ్ళి బోర్డు అంచులో గోళ్ళు దూర్చి లాగాడు. ఊడలేదు. పెన్ను దూర్చాడు, పెన్ను విరిగి చెయ్యంతా ఎర్రసిరా అయింది. మెకానిక్కు స్క్రూడ్రైవరు ఇచ్చాడు. బోర్డు ఊడి ఖంగుమని నేల మీద పడింది.

"రామ్మా. మొదట నువ్వే ఎక్కు," అన్నాడు సెక్రటరీ.

మెట్లత్త అతన్ని చూసింది. కోపం ఇంకా చల్లారలేదు. అతన్ని క్షమించానని చెప్పాలనీ అనిపించలేదు.

"మొదట అన్నయ్యని ఎక్కిద్దాం," అని గేటు వైపు నడిచింది.

డ్రైవరు రోడ్డు వైపు తిరిగే కూర్చున్నాడు. గడ్డం రొమ్మును తాకుతోంది. నిద్రపోయాడేమో అనుకుంది. "అన్నయ్యా, లిఫ్టొచ్చింది," అంది. భుజం మీద చెయ్యి వేసింది. ఖాకీ చొక్కా ఎండకు వెచ్చగా ఉంది. మళ్ళీ పిలవలేదు. పక్కనే నేల మీద కూర్చుని, అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుని, కోడలు వచ్చేదాకా అలాగే ఉంది. ఆ కాసేపట్లో ఇంకో బస్సు వచ్చి ఆగి వెళ్ళింది.

కోడలు వచ్చి చూసి కూలబడింది. డ్రైవరు కొడుకు పనిచేసే గోదాముకు కబురు వెళ్ళి, అతను పరిగెత్తుకొచ్చాడు. ఇంజనీరు గొంతు సవరించుకుని, లిఫ్టు సిద్ధంగా ఉంది, పైకి తీసుకెళ్ళొచ్చన్నాడు. కోడలు తలెత్తి అతన్ని చూసింది.

"పైకొద్దు," అంది. "పద్నాలుగు నెలలు పైనే ఉన్నారు."

పొద్దున మోసిన నలుగురే ఆయన్ను కుర్చీలోంచి తీసి, కొడుకు తెచ్చిన బండిలో పడుకోబెట్టారు. బండి గేటు దాటింది. బస్సులు తిరిగే రోడ్డు మీదుగానే వెళ్ళింది.

మిగతా పదిమందినీ ఒక్కొక్కరిగా లిఫ్టులో ఎక్కించారు. మామ్మ ముసుగు తీసేసి, దారిపొడుగునా కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. మిషనక్క ఆఫీసు గుమ్మంలోంచి అందరికంటే ఆఖర్న కదిలింది. కుట్టిన చొక్కాను సూపర్‌వైజరు బల్ల మీద విసిరి, "మీదే ఇది. మీ ఆవిడ ఇచ్చింది. గుండీలు గట్టిగా కుట్టాను," అని చెప్పింది.

సాయంత్రం ఎండ గోడల మీదికి ఎగబాకింది. సూపర్‌వైజరు ఆఫీసుకు తాళం వేసి, మెట్లత్తను చూడనట్టే దాటి వెళ్ళిపోయాడు. పొద్దున అన్న మాట మళ్ళీ అనలేదు. వెనక్కీ తీసుకోలేదు. రేపు వస్తానో రానో ఆమె ఇంకా అనుకోలేదు. వస్తే మాత్రం, నిలబడి తుడుచుకునే కర్ర ఇచ్చేదాకా గుడ్డ ముట్టుకోనని అనుకుంది. వరండా చిమ్మింది. లిఫ్టులో దుమ్ము తుడిచింది. కింద మిగిలిపోయిన కుర్చీలు ఎవరివి వాళ్ళకు లిఫ్టులో పెట్టి పంపింది, తను బయటే నిలబడి మీట నొక్కుతూ.

ఆఖరికి గేటు దగ్గరికి వచ్చింది. చెట్టునీడ రోడ్డు దాకా సాగిపోయింది. ఇనప కుర్చీని ఎవరూ తీసుకెళ్ళలేదు. నడుముకు కట్టిన దుప్పటి ఒక చేతికి వేలాడుతోంది. కూర్చునేచోట అల్లిన తీగ ఇంకా మనిషి బరువుకు కిందికి కుంగే ఉంది. ఆ తీగల సందులో టికెట్ ముక్క ఒకటి నిలువుగా ఇరుక్కుని ఉంది, చిల్లు పడకుండా.